కొంగున కట్టిన ఇంగ్లీషు

ఆయమ్మ పోయిందని పుంగనూరు నుంచి మా తమ్ముడు కార్డు రాశాడు. కుప్పంలో నేను నర్సుగా పనిచేస్తున్న చిన్న ఆసుపత్రిలో, కట్లగుడ్డలు మడత పెడుతూ దాన్ని చదివాను. "ఆయమ్మ మంగళవారం పొద్దున పోయింది. కష్టపడలేదు. ఆవును మనింటికి తోలుకొచ్చినాము. అది తెలుగు మాట వినడం లేదు, నువ్వొకసారి రా అక్కా." చివరి మాటకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెంబడే ఏడుపు వచ్చింది. బెంగుళూరు రైలు కూతేసి వెళ్ళిపోయేదాకా మడతపెట్టిన గుడ్డల ముందు ఊరికే కూర్చున్నాను.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. పుంగనూరులో చర్చి వెనక వీధిలో మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. వయసులో ఉన్నప్పుడు మదనపల్లెలో ఒక దొర బంగళాలో ఇరవై ఏళ్ళు ఆయాగా చేసింది. ఆ దొర కుటుంబం తమ దేశానికి వెళ్ళిపోయాక ఊరికి తిరిగొచ్చి, ఒక పొట్టి ఆవును పెట్టుకుని, పాలు పోసుకుంటూ బతికింది. అక్షరం ముక్క రాదు. కానీ ఇంగ్లీషు గలగలా మాట్లాడేది, అదీ ఎక్కువగా ఆవుతోనే. "కమ్ అలాంగ్" అంటే ఆవు కదిలేది. "లుక్ షార్ప్" అంటే కాస్త తొందరపడేది. లుక్ షార్ప్ అంటే త్వరగా కానియ్యమని అర్థమని నాకంటే ముందు ఆ ఆవుకు తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. మదనపల్లెలో ఒక మిషను ఆసుపత్రివాళ్ళు ఆడపిల్లలను నర్సు పనికి తీసుకుని నేర్పిస్తారని తెలిసింది. ఇంగ్లీషులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పాలట. చెప్పలేకపోతే మా నాన్న గొర్రెలు ఉండనే ఉన్నాయి. గొర్రెల మీద నాకు కోపం లేదు గానీ, బతుకంతా వాటి వెనక నడిచే ఓపిక లేదు. బడిలో చదివిన ఇంగ్లీషు పుస్తకం నిండా రాజులు, ఓడలు. తలుపు వెయ్యమని ఎట్లా అనాలో అందులో ఎక్కడా లేదు.

గోడ మీదుగా నా ఏడుపు విని ఆయమ్మే పిలిచింది.

"యాల పాపా ఏడస్తాండావు? ఇంగ్లీషు మాట్లాడేది గూడా ఈ నోటితోనే గదా. పొద్దున్నే ఆవు వెంబడి రా."

మంచు విడవని వేకువల్లో మేమిద్దరం ఆవు వెనక బీడు భూముల్లో నడిచేవాళ్ళం. ఆవు కనిపించేది కాదు, గంట మాత్రం వినిపించేది. ఆమె ఒక మాట చెప్పేది. అర్థం చెప్పి, పది సార్లు నా చేత అనిపించి, తన కొంగు చివర ఒక ముడి వేసుకునేది. నా పైట చివర ఒకటి వేయించేది. ఏదైనా మరిచిపోకుండా కొంగున ముడి వేసుకోవడం మన ఆడవాళ్ళందరికీ ఉన్నదే. ఆయమ్మ దానికొక నియమం పెట్టింది. ఆ మాటను నిజంగా అవసరమైన చోట అంటేనే ముడి విప్పాలి. ఊరికే వల్లిస్తే విప్పకూడదు.

"అబద్ధానికి ఇప్పితే మాట జారిపోతాది. నాకు పలకా ఇదే, బలపం ఇదే" అనేది.

తల జాగ్రత్త అనే మాట కోసం ఆయమ్మ ఇంటి పొట్టి గుమ్మం దగ్గర నేను కాచుకుని ఉండేదాన్ని. మా నాన్న వంగకుండా రాబోయాడు. "మైండ్ యువర్ హెడ్!" అని అరిచాను. ఆ అరుపుకు ఆయన ఉలిక్కిపడి నిజంగానే గుద్దుకున్నాడు. నేను మాత్రం ముడి విప్పుకున్నాను.

కుక్కలూ పిల్లులూ కురిసినట్టు వాన పడుతోందని ఇంగ్లీషువాళ్ళు అంటారట. ఆ ముడి మాత్రం ఎంతకీ వీడలేదు. మా సీమలో అంత వాన ఎక్కడిది? తుంపర పడ్డప్పుడల్లా నేను కొంగు పట్టుకునేదాన్ని, ఆమె తల అడ్డంగా ఊపేది. "ఇది పిల్లి గూడా కాదు పాపా, ఎలక పిల్ల." ఒక సాయంత్రం ఆకాశం మొత్తం ఊరి మీద పడ్డట్టు కురిసింది. ఆయమ్మ వాకిట్లోకి పోయి, తలెత్తి, కళ్ళు మూసుకుని, ఆ మాట నెమ్మదిగా అని, తడిసిన ముడిని పళ్ళతో లాగి విప్పింది. వాన అంటే నాకు ఇప్పటికీ ఆ ముఖమే.

పరీక్షకు పిలిచిన రోజు నేను భయపడలేదు. డాక్టరమ్మ తెల్ల దొరసాని. వార్డులోకి ఒక రోగి వచ్చింది, ఏమంటావు అని ఇంగ్లీషులో అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "కమ్ అలాంగ్" అన్నాను. "వైప్ యువర్ ఫీట్" అన్నాను, కాళ్ళు తుడుచుకోమని. "అక్కడ నిలబడొద్దు, దాన్ని తాకొద్దు, లుక్ షార్ప్" అంటూ వచ్చినవన్నీ అప్పగించాను. ఆమె నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి లేస్తే "సిట్ డౌన్, సిట్ డౌన్" అని ఆమెకే చెప్పాను. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ కాగితం మీద ఏదో రాసుకుంది.

బయటికొచ్చాక అక్కడి పెద్ద నర్సు, మన మనిషే, నా చెవిలో చెప్పింది.

"ఇది బంగళాల్లో పనోళ్ళకు సెప్పే ఇంగ్లీషు గదా పాపా. యాడ నేర్సుకున్నావు?"

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో పుంగనూరు దాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది. నాకు కోపం ముందు, బుద్ధి తర్వాత. దిగీ దిగగానే ఆయమ్మ దగ్గరికి పోయాను. పాలు పితుకుతోంది.

"పనోళ్ళ మీద అరిచే మాటలన్నీ నాకు నేర్పిస్తివి. నీ ఇంగ్లీషు నీ ఆవుకే సరి" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"అవునేమో పాపా. ఇరవై ఏండ్లు నాతో మాట్లాడింది అవే గదా. ఇంకేం మాటలు తెలుస్తాయి నాకు?"

మళ్ళీ చెంబులో పాలధార చప్పుడు మొదలైంది. ఆ క్షణం దాకా ఆ సంగతి ఆమెకు కూడా తోచలేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. దాన్ని చూపించినదాన్ని నేనే.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. నన్ను తీసుకున్నారు. బెదరని గొంతు కావాలి, మిగతా మాటలు మేము నేర్పుకుంటామని డాక్టరమ్మ తరవాత చెప్పింది. ఉత్తరం పట్టుకుని ముందు ఆయమ్మ దగ్గరికే పరిగెత్తాను. ఆమె నా తల నిమిరింది. తప్పయిందని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు, రెండు భాషల్లోనూ.

ఆసుపత్రిలో నేను నేర్చుకున్న మొదటి మాట, డాక్టరమ్మ పొద్దున్నే మంచం మంచం దగ్గరా అడిగేది. "హౌ ఆర్ యు టుడే?" మొదటి సెలవుకు ఊరికొచ్చి, ఆవు పక్కన కూర్చుని ఉన్న ఆయమ్మను అదే అడిగాను. క్షమాపణ అనుకోండి, కానుక అనుకోండి.

ఆమె ఆవు మెడ మీద చెయ్యి వేసి చెప్పింది.

"ఈ మాట నాకు తెలుసు. దొరసాని వసారాలో వచ్చినోళ్ళందర్నీ అడిగేది. నన్ను అడగలేదు గాబట్టి, దీనికి ఏం సెప్పల్లో నేర్సుకోలేదు."

"వెరీ వెల్, థాంక్యూ అనాలి. బాగుండాను అని."

ఆమె గొణుక్కుంటూ పది సార్లు అంది. కొంగున ముడి వేసుకుంది.

ఆ తరవాత సెలవుకు వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. ముడి వీడలేదు. "మోకాళ్ళు పీకతాండాయి పాపా, అబద్ధం సెప్పకూడదు" అని ఒకసారి. ఆవు ఈనలేదని ఒకసారి. చీర మారినప్పుడల్లా ఆ ముడిని కొత్త చీర కొంగుకు మార్చుకునేది. నా వల్ల తగిలిన దెబ్బ ఆ ముడిలోనే ఉందని నేను అనుకునేదాన్ని. ఒక్కసారి బాగున్నానని అంటే చాలని మనసులో ప్రార్థన చేసుకునేదాన్ని.

కార్డు అందిన మరునాడు పుంగనూరు చేరాను. ఆవు మా వాకిట్లో రాయిలా నిలబడి ఉంది. "కమ్ అలాంగ్" అన్నాను. చెవులు కదిపి, చుట్టూ వెతికి, నా వెనక వచ్చింది.

మంగళవారం పొద్దున ఏం జరిగిందని తమ్ముణ్ణి అడిగాను.

"పాలకు పోయినానక్కా. మంచులో అరుగు మీద కూసోనుండాది. ఎట్లుండావు ఆయమ్మా అన్నాను. నవ్వి, ఏదో ఇంగ్లీషులో అనింది. నాకు అర్థం కాలేదు. చెంబు తీసుకొని మళ్ళొచ్చేసరికి గోడకు ఆనుకొని పోయుండాది."

ఆమె కట్టుకున్న చీరను మా అమ్మ దాచి ఉంచింది. కొంగు తీసి చూశాను. ముడి లేదు. విప్పిన చోట గుడ్డ ఇంకా ముడతలు ముడతలుగా ఉంది. ఆ చీర ఇప్పుడు కుప్పంలో నా పెట్టెలో ఉంది. ఉతకలేదు.