ఏ కూతైనా నాదే

లోకంలో ఎక్కడ ఏ యంత్రం కుయ్‌మన్నా అది తనదేనని ఒప్పుకోవడం ఆ కటింగ్ మాస్టారి ఏకైక వ్యసనం. కొందరు పక్కవాడి స్థలం తమదంటారు, కొందరు పక్కవాడి తెలివి తమదంటారు. మాస్టారికి అంత దురాశ లేదు. కూత వినిపిస్తే చాలు, కత్తెర బల్లమీద పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి, నేరం ఒప్పుకునే ముద్దాయిలా "నాదే! నాదే! క్షమించాలి" అనేవారు.

వీధిలో సరుకుల వ్యాను వెనక్కి వస్తూ కుయ్‌కుయ్‌మంటే "నాదే". లిఫ్టు తలుపు తెరుచుకుంటే "నాదే". టీ గదిలో మైక్రోవేవ్ మోగి, ఇస్త్రీ బాబాయి తన భోజనం కోసం చెయ్యి పెట్టబోతుంటే వెనకనుంచి "నాదే!"

"ఏది మాస్టారూ, మోతా, డబ్బానా?" అని బాబాయి డబ్బాని గుండెలకి హత్తుకునేవాడు.

ఒకసారి బస్సులో కండక్టరు ఈల వేస్తే కూడా లేచి క్షమాపణ చెప్పారట. బస్సంతా పెద్దమనసు చేసుకుని క్షమించిందట.

ఈ గొడవకంతా కారణం ఆయనకున్న షుగరు. వయసు మళ్ళాక తలుపు తట్టే రకం కాదు. చిన్నతనంలోనే వచ్చి, పెట్టే బేడా సర్దుకుని ఒంట్లో ఉండిపోయే రకం. డాక్టర్లు టైప్ వన్ అంటారు. మాస్టారు మాత్రం ఆ చరిత్రని కొత్తవాళ్ళకి ఇంకోలా వినిపించేవారు.

"నా లోపల క్లోమం అని ఒక గుమస్తా ఉండేవాడు. నేను అక్షరాలు దిద్దే రోజుల్లోనే రాజీనామా మొహాన కొట్టి పోయాడు. అప్పట్నుంచీ ఆ సీటు పని కూడా నేనే చూస్తున్నా. తిన్నదానికింత, నడిచినదానికింత, యజమానురాలు తిట్టినదానికింత అని లెక్కేసి ఇన్సులిన్ పొడుచుకోవాలి. లెక్క తప్పితే సంజాయిషీ కూడా నాకు నేనే ఇచ్చుకోవాలి."

తర్వాత చొక్కా చెయ్యి కొంచెం పైకి మడిచి, భుజం కింద ప్లాస్టరు వేసి అంటించుకున్న తెల్లటి గుండ్రటి బిళ్ళ అంచుని చూపించేవారు. "ఇది నా మీద కాపలా. షుగరు ఎక్కినా కూస్తుంది, దిగినా కూస్తుంది. ఏమీ తోచకపోయినా కూస్తుంది."

ఆ కుట్టుశాలలో చేరిన మొదటిరోజు సాయంత్రం ఈ ఉపన్యాసం విన్న కాజాల అమ్మాయి తన చొక్కా చేతిని మోచేతిదాకా కిందికి లాక్కుంది. దానికింద ఆమెకీ ఒక బిళ్ళ ఉంది. అసలుసిసలు బిళ్ళ. అది పంపే కబుర్లు అందుకుని కూసే అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి ఆమె ఏప్రన్ జేబులో ఉంది.

కాజాల అమ్మాయంటే, కోట్లకీ చొక్కాలకీ గుండీలు పట్టే కాజాలు కుట్టే అమ్మాయి. ఈ ఉద్యోగం వల్ల ఆమెకి ఆస్పత్రిలో కూడా చిక్కే వచ్చింది. కొత్త డాక్టరుగారు కాగితంలోంచి తలెత్తకుండా "ఏం చేస్తుంటావమ్మా?" అన్నారు.

"కాజాలు చేస్తానండి. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని."

డాక్టరుగారు కళ్ళజోడు తీసేశారు. "ఇంత షుగరు పెట్టుకుని? రుచి కూడా చూస్తావా?"

"లేదండీ. దారం కొరుకుతానంతే."

తన షుగరు సంగతి ఆమె ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం దుర్మార్గులు కారు, మంచివాళ్ళు. ఇంతకుముందు పనిచేసిన కర్టెన్ల దుకాణంలో సంగతి తెలియగానే యజమాని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చేతిలో కత్తెర తీసేసుకున్నాడు. మెత్తటి కుర్చీ వేయించాడు, వీపు వెనక దిండు పెట్టించాడు. "నీకెందుకు తల్లీ శ్రమ" అని ఒక్కొక్క పనే తప్పించి, చివరికి పని ఏమీ మిగలలేదు కాబట్టి ఇంటికి పంపేశాడు. అంత ప్రేమగా ఉద్యోగం ఊడగొట్టినవాడిని తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

అందుకే చేరిన మర్నాడు జేబులో పెట్టె కుయ్‌మన్నప్పుడు ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. మిగతా మోతలన్నిటికీ నోరు నొక్కి వచ్చింది కానీ, షుగరు మరీ పడిపోయినప్పుడు కూసేదాని నోరు నొక్కే ఏర్పాటు ఆ యంత్రంలో లేదు. అందరూ తలలెత్తారు. అంతలో పక్క బల్ల దగ్గర్నుంచి కుడిచెయ్యి లేచింది.

"నాదే! నాదే! క్షమించాలి."

అందరూ తలలు దించారు. ఆమె బల్ల కిందికి వంగి, పడిపోని సూది వెతుకుతున్నట్టు నటిస్తూ తీపిబిళ్ళ ఒకటి నమిలేసింది. 'ఎంత అదృష్టం! వెదకబోయినా దొరకని వెర్రిబాగులాయన పక్క సీట్లోనే దొరికాడు' అనుకుంది.

అదృష్టం నెలల తరబడి సాగింది. ఆమెది కూస్తే ఆయన చెయ్యెత్తేవారు, ఆమె బల్ల కిందికి వంగేది. సూదులు జారవిడవడంలో ఈ పిల్లని మించినవాళ్ళు లేరని పేరు కూడా వచ్చింది.

ఊరి సలహాలన్నీ కూడా మాస్టారి ఖాతాలోకే పోయేవి. వాటిలో పెద్దభాగం ఇస్త్రీ బాబాయివి.

"మాస్టారూ, మా తోడల్లుడు రోజూ పొద్దున్నే వెనక్కి నడుస్తాడు. షుగరు వెనక్కి తగ్గిపోయింది."

"మీ తోడల్లుడి గుమస్తా సెలవులో ఉన్నాడు బాబాయ్, వెనక్కి పిలిస్తే వస్తాడు. నావాడు రాజీనామా ఇచ్చాడు."

షుగరు పడిపోయి చేతులు వణుకుతూ ఆయన చక్కెర నోట్లో వేసుకుంటే "అయ్యో అయ్యో, షుగరు మనిషివి చక్కెర తింటావా!" అని గిన్నె లాక్కునేవాళ్ళు. షుగరు కొండెక్కి కూర్చున్నప్పుడు కేకు తెచ్చి "ఒక్క ముక్కకేమవుతుంది, మొహమాటపడకండి" అని నోటికి అందించేవాళ్ళు. తినాల్సినప్పుడు తిననివ్వరు, తినకూడనప్పుడు వదలరు. కాజాల అమ్మాయికి లోపల్లోపల నవ్వొచ్చేది. ఆ కేకు ముక్క తన నోటిదాకా రాకుండా తప్పించుకోవడానికి తను ఎన్ని పంటినొప్పులు సృష్టించిందో ఆమెకే తెలుసు.

ఆమెకి అర్థం కానిది ఒక్కటే. పనిలో వేలికి సూది గుచ్చుకుంటే మాస్టారు ఆ నెత్తురుచుక్కని వృథా పోనిచ్చేవారు కాదు. "ఎలాగూ వచ్చింది కదా" అని జేబులోంచి పాతకాలపు మీటరు తీసి, పట్టీ మీద అద్ది షుగరు చూసుకునేవారు. చేతికి కూసే బిళ్ళ ఉండగా మళ్ళీ వేలు పొడిచి చూడటమెందుకు? కటింగ్ మాస్టర్లకి కొలతమీద కొలత తీసుకోవడం అలవాటేలే అని సరిపెట్టుకుంది.

ఆమె చేరిన కొత్తల్లోనే హోటలు సర్వర్ల కోటుకి ఒక తెల్ల గుండీ తక్కువైందని యజమానురాలు కుట్టుశాలంతా గాలింపు చేయించింది. మిషన్ల కింద, బల్లల కింద, ఇస్త్రీ బాబాయి జేబుల్లో కూడా. అందరికన్నా ఎక్కువ కష్టపడి వెతికినవారు మాస్టారే. మోకాళ్ళకి దుమ్ము కూడా అంటింది.

కొన్ని నెలలు పోయాక పెద్ద ఆర్డరొకటి వచ్చింది. ఒక వాద్యబృందానికంతా నల్లకోట్లు. యజమానురాలు కాజాల అమ్మాయిని పిలిచి, "ఇది సరిగ్గా గట్టెక్కిస్తే నిన్ను కటింగ్ బల్ల దగ్గరికి మారుస్తా. మాస్టారి దగ్గర పని నేర్చుకుందువుగాని" అంది. కత్తెర! దిండూ కుర్చీ ఇచ్చి లాక్కున్న కత్తెర మళ్ళీ చేతికొస్తుందన్నమాట. ఆ వారమంతా ఆమె తన జేబులోని పెట్టెని 'నోరెత్తకే తల్లీ' అని బతిమాలుకుంది.

బృందనాయకుడు వేలంత సన్నటి మనిషి. ఆయన చెవుల గురించి కథలుండేవి. పక్కగదిలో సూది పడితే అది ఏ నంబరు సూదో చెబుతాడని. కోట్ల విషయంలో ఆయన షరతు ఒక్కటే. "కోటు నాతోపాటు చెయ్యెత్తాలి. నా మీద చెయ్యెత్తకూడదు." అందుకని అందరూ కోట్లు తొడుక్కుని వాయిస్తుంటే, ఎవరికి చంక దగ్గర పట్టేస్తోందో చూడటానికి యజమానురాలు, మాస్టారు, కాజాల అమ్మాయి రిహార్సల్ హాలుకి వెళ్ళారు. మాస్టారు తలుపు పక్కన నిలబడ్డారు. అమ్మాయి కిటికీ దగ్గర సూదీదారంతో కూర్చుంది. కంగారులో పొద్దున సరిగ్గా తినలేదు.

సంగీతం పెరిగి పెరిగి, ఒక్కసారిగా ఆగింది. అక్కడ ఆగాలి. బృందనాయకుడి రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది.

కుయ్.

"నాదే! నాదే! క్షమించాలి" అన్నారు మాస్టారు.

బృందనాయకుడు చేతులు దించకుండానే "కాదు" అన్నాడు.

మాస్టారికి జీవితంలో ఆ జవాబు ఎప్పుడూ ఎదురవలేదు. "కాదంటే?"

"మీరు తలుపు దగ్గరున్నారు. అది కిటికీ దగ్గర కూసింది."

"గోడకి తగిలి తిరిగొచ్చి ఉంటుందండి."

"ఈ గోడలకి శబ్దం తిరిగి రాకుండా గుడ్డ కొట్టించాను."

"మరైతే నా షుగరే కాస్త అటు షికారు వెళ్ళుంటుంది."

వాద్యబృందం నవ్వింది. నాయకుడు నవ్వలేదు. "నా చెవులని తప్పంటున్నారా?"

"అపచారం! చెవులకి వంక పెడతానా? కావాలంటే చూడండి" అని మాస్టారు చొక్కా చెయ్యి భుజందాకా జరజరా లాగారు. హాల్లో ఉక్క. చెమటకి ప్లాస్టరు ఎప్పుడో వదులైంది. తెల్ల బిళ్ళ ఊడి కిందపడి, నిలువుగా దొర్లుకుంటూ, తీరిగ్గా ఒక చుట్టు తిరిగి, బృందనాయకుడి బూటు దగ్గర పడుకుంది.

ఆయన వంగి తీశాడు. వెలుతురుకేసి పెట్టి చూశాడు. "దీనికి నాలుగు కన్నాలున్నాయి."

"సర్వర్ల గుండీ!" అని అరిచింది యజమానురాలు. "మాస్టారూ! ఆ రోజు మోకాళ్ళమీద పాకి వెతికారు కదయ్యా!"

"వెతికానండి. చేతిమీద వెతకమని ఎవరూ అనలేదు."

కాజాల అమ్మాయి గుండీని చూసింది, మాస్టారిని చూసింది. ఆయన దగ్గర కూసే యంత్రమే లేదు. ఎప్పుడూ లేదు. అందుకే ఆ పాత మీటరు, ఆ నెత్తురుచుక్కలు. ఇన్నాళ్ళూ పిచ్చాయన చాటున తను దాక్కున్నాననుకుంది. ఆయనే తెర పట్టుకుని నిలబడ్డారని తెలియలేదు.

కుయ్.

మాస్టారి చెయ్యి అలవాటుగా సగం లేచింది. అంతలో కిటికీ దగ్గర ఇంకో చెయ్యి లేచింది. దాన్నుంచి సూదీదారం ఇంకా వేలాడుతోంది.

"నాదేనండి" అంది అమ్మాయి. "మొదటిదీ నాదే."

బృందనాయకుడు "చెప్పానా!" అన్నట్టు చూశాడు. మాస్టారు అప్పటికే కుర్చీలు దాటుకుంటూ వచ్చి ఆమె అరచేతిలో తీపిబిళ్ళలు పెట్టారు. "ముందు నములు. నేరం తర్వాత ఒప్పుకోవచ్చు."

యజమానురాలు దగ్గరికి రావడం చూసి ఆమె నములుతూనే అంది. "కుర్చీ వద్దండి మేడమ్. దిండు కూడా వద్దు."

"దిండేంటి? ఇక్కడ చంకలు విప్పాల్సిన కోట్లు గుట్టపడున్నాయి. సూది ఎప్పటికి పట్టుకోగలవు?"

"పావుగంట పడుతుందండి."

"అయితే పావుగంటాగి పట్టుకో. మాస్టారూ, మీరు గుండీ ఇలా ఇవ్వండి."

అంతే. ప్రళయం ముగిసింది. కోట్లు వేళకి అందాయి, కత్తెర ఆమె చేతికొచ్చింది.

కటింగ్ బల్ల దగ్గర మొదటిరోజు ఆమె నిలదీసింది. "మాస్టారూ, మీకెప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు చేరిన రోజు పొద్దున్నే. నీ కాజా సగందాకా తిన్నగా నడిచి, సగం నుంచి తాగినవాడిలా నడిచింది. షుగరు పడినప్పుడు నా కత్తెరదీ అదే నడక. పైగా చొక్కా చేతికింద నీ బిళ్ళ అంచు కనిపించింది."

"నాతో ఒక్క ముక్క అనొచ్చుగా?"

"నువ్వు కుట్టి దాచుకున్నది నేనెందుకు విప్పాలమ్మా?"

"సరే, నాది కూస్తే మీదన్నారు. మరి వ్యాన్లూ లిఫ్టులూ?"

"ఒక్క నీ కూతే నాదంటే అనుమానం రాదూ? అందుకని ఊరి కూతలన్నీ నెత్తినేసుకున్నా." కొంచెం ఆగి అన్నారు. "బస్సులో ఈల మాత్రం నిజంగానే నా సరదా."

ఇస్త్రీ బాబాయి అటుగా పోతూ అందుకున్నాడు. "నువ్వు రాకముందు ఈయన గొంతెలా ఉంటుందో మాకు తెలీదమ్మాయ్. ఆ మౌనమే బాగుండేది."

కచేరీకి బృందనాయకుడు టిక్కెట్లు పంపాడు. యజమానురాలు, మాస్టారు, అమ్మాయి ముగ్గురూ వెనకవరసలో కూర్చున్నారు. నల్లకోట్లు వాళ్ళతోపాటే చెయ్యెత్తాయి, ఒక్క చంకా కిక్కురుమనలేదు. సంగీతం పెరిగి పెరిగి, ఆ చోటికొచ్చి ఆగింది. బృందనాయకుడి రెండు చేతులూ గాల్లో ఉన్నాయి.

కుయ్.

హాలంతా తలలు తిరిగాయి. అమ్మాయి చప్పున జేబులో పెట్టె చూసుకుంది. అది బుద్ధిగా ఉంది. మాస్టారి చేతిమీద గుండీ కూడా లేదు. మూడోవరసలో కుడివైపు బట్టతల పెద్దమనిషి ఒకాయన, ఎర్రబడిన మొహంతో, కోటు చేతిని గబగబా మణికట్టుదాకా లాక్కుంటున్నాడు. ఆ లాక్కోవడం ఆమెకి బాగా తెలుసు.

"ఇద్దరూ కూర్చోండి, మీకు దణ్ణం పెడతా" అని యజమానురాలు గుసగుసలాడింది. అప్పటికే ఆలస్యమైపోయింది. వెనకవరసలో రెండు చేతులు లేచాయి.

"నా..." అని మాస్టారు మొదలుపెట్టారు.

"మాదేనండీ!" అంది అమ్మాయి. "క్షమించాలి!"

బృందనాయకుడు వెనక్కి తిరగలేదు. చేతులు గాల్లోనే ఉన్నాయి. పక్కగదిలో పడిన సూది నంబరు చెప్పగల ఆ చెవులు ఒక్క క్షణం ఆలోచించుకున్నాయి.

"అవును, మీదే" అన్నాడు. "వెనకవరస నుంచే వచ్చింది."

మూడోవరసలో పెద్దమనిషి తలొంచుకుని, హాయిగా ఏదో నమలడం మొదలుపెట్టాడు.