సున్నాకు సాక్షి

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ పట్టా చేతికొస్తే చాలు, లోకమంతా మన కోసమే కాచుకుని కూర్చుందనిపించేది. నాకైతే మరీ ఎక్కువగా అనిపించింది. కరీంనగర్‌లో ఒక కాలేజీ ఫిజిక్సు విభాగంలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. ఏడాదికోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, అలాంటి కొలువు. పొడిగిస్తే పీహెచ్‌డీ చేయొచ్చు, లేదంటే మూట సర్దుకుని మా ఊరు సుల్తానాబాద్ బస్సెక్కాలి. చేసే పని పేరు మాత్రం ఘనంగా ఉండేది: అధిక ఉష్ణోగ్రత అతివాహక మందపు పొరల తయారీ. (అధిక ఉష్ణోగ్రత అంటే మంచుగడ్డ కూడా దాని ముందు వెచ్చగా తోచేంత చలి. మందం అంటే కాగితం కంటే పలచన. ఈ పేర్లు పెట్టినవాళ్లు మా హెడ్డు సారుకు చుట్టాలై ఉంటారని నా అనుమానం.)

ఇట్రియం, బేరియం, రాగి కలిసిన నల్లటి పొడిని నూరి ముద్ద చేసేదాన్ని. పెళ్లిపత్రికలు అచ్చేసే జాలీ తెరలాంటి దానితోనే ఆ ముద్దను పింగాణీ పలక మీద అద్ది, కొలిమిలో కాల్చి, ఆక్సిజన్ పోనిస్తూ మెల్లగా చల్లార్చేదాన్ని. తొందరపడితే పొర పగులుతుంది. తడి తగిలితే పాడవుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి నూరుకోవాలి. అన్నీ కుదిరిన పొరను ద్రవ నైట్రోజన్‌లో ముంచితే, కరెంటుకు దాని నిరోధం పూర్తిగా సున్నా అవుతుంది. అలాంటి పొరలతో అతి సున్నితమైన సెన్సర్లు, సెల్ టవర్లకు ఫిల్టర్లు చేయొచ్చు. ఇదంతా ఓపిగ్గా విన్న మా బాపు, "గయితే మన బాయికాడి మోటరుకు కరెంటు మంచిగ వస్తదా బిడ్డా?" అని అడిగాడు. రాదన్నాను. "మరి గింత తిప్పలెందుకే?" అన్నాడు.

కాలేజీలో ద్రవ నైట్రోజన్ లేదు. పశువుల దవాఖానాలో ఉండేది, గేదెలకు వేసే సూదుల కోసం దున్నపోతు వీర్యాన్ని అందులో భద్రపరిచేవాళ్లు. అక్కడి కాంపౌండరును నేను కాక అని పిలిచేదాన్ని. ఆయన దవాఖానా పెద్దసారును ఒప్పించి, చిన్న క్యాన్‌లో కొంచెం నైట్రోజన్ పట్టుకుని స్కూటరు మీద వచ్చేవాడు. ఎన్నో పలకలు పగిలి, మాడి, చెడిపోయాక, ఒకనాడు పొద్దున ఒక పలకను ముంచితే మీటరులో అంకెలు దిగుతూ దిగుతూ ఒక్కసారిగా సున్నా దగ్గర నిలబడ్డాయి. "కాకా, సున్నా!" అని అరిచాను. కాక వంగి చూసి, "సూసిన తియ్యి బిడ్డా. మా పోరగాండ్లకు సున్నలు వస్తె కొడుతం. నువ్వు సున్న వచ్చిందని ఎగురుతున్నవు" అన్నాడు.

హెడ్డు సారు గదికి పరుగెత్తాను. వెనక ఆయనను మేమంతా ముహూర్తం సారు అనేవాళ్లం. ఆయన గోడ గడియారం వైపు చూసి, "రాహుకాలం నడుస్తుందమ్మా. మంచిది మంచి గడియల్నే సూడాలె. జర ఆగు" అన్నారు. రాహుకాలం ఆగుతుంది గానీ నైట్రోజన్ ఆగుతుందా? ఆయన నుదుట బొట్టు సరిచేసుకుని వచ్చేసరికి గిన్నెలో అంతా ఆవిరైపోయింది, కాక క్యానుతో వెళ్లిపోయాడు. "ఫికర్ చెయ్యకు. హైదరాబాద్ కమిటీ వచ్చినంక అందరం కలిసి సూద్దాం" అని సారు నా భుజం తట్టారు.

ప్రాజెక్టు పొడిగించాలో వద్దో తేల్చే ఆ కమిటీ దసరా సెలవులు అయిన మర్నాడు వస్తానంది. సెలవులకు ముందు మా విభాగంలో ఆయుధపూజ చేయడం ఆనవాయితీ. మీటర్లు, కొలిమి, చివరికి చీపురు కూడా అమ్మవారి ముందు కొలువుదీరాయి. సారు నా పలకనూ తెమ్మన్నారు. "సార్, దానికి తడి తగలొద్దు" అన్నాను. "అమ్మవారి కన్నా ఎక్కువనా నీ పలక?" అన్నారు. అందరూ నా వైపు చూశారు. తెచ్చి పెట్టాను. సారు భక్తిగా పసుపునీళ్లు చల్లి, తడి గంధంతో సరిగ్గా నల్లపొర నడుమ ఇంత లావు బొట్టు పెట్టారు. తుడవబోతే చెయ్యి పట్టి ఆపారు. పూజలో పెట్టింది మళ్లీ పూజ చేసి ఎత్తేదాకా ముట్టకూడదట! గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పండుగకు వెళ్లిపోయారు. ఆ దసరాకు మా ఇంట్లో ఏం వండారో నాకు గుర్తులేదు. కళ్లు మూసినా తెరిచినా ఆ తడి బొట్టే కనిపించేది.

సారు మళ్లీ పూజ చేసి పలకను ఎత్తి ఇచ్చిన పొద్దునే కమిటీ వచ్చింది. కాక నైట్రోజన్ తెచ్చాడు. గిన్నెలో పోయగానే తెల్లటి పొగ లేచి బల్లంతా పరుచుకుంది. పెద్దలు ముచ్చటపడి సారుతో కలిసి ఫోటోలు దిగారు. పలకను ముంచాను. మీటరు కొంచెం దిగి, మొండికేసి అక్కడే కూర్చుంది. ఇంకా ముంచాను, తీశాను, మళ్లీ ముంచాను. సున్నా రాలేదు. కమిటీలో కళ్లద్దాల పెద్దాయన, "ఇంతకు ముందు సున్నా వచ్చిందని చెప్పారు కదా, ఎవరు చూశారు?" అని అడిగారు. సారు గొంతు సవరించుకుని, "నేనైతే సూడలే సార్. గీ అమ్మాయి చెప్పింది" అన్నారు. బొట్టు సంగతి ఎత్తలేదు. నేను ఎత్తబోతే, "దేవుని మీద నెడుతవా అమ్మా?" అన్నట్టు చూశారు.

"కాక చూశాడు సార్" అన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ కాక క్యాను కింద పెట్టి, చేతులు కట్టుకుని, "అవ్ సార్, నా కండ్లతోని సూసిన. సున్న వచ్చింది. అబద్ధమెందుకు ఆడుత?" అన్నాడు. ఆయన ఎవరని అడిగారు. పశువుల దవాఖానా అని సారు చెప్పారు. గది గదంతా నవ్వింది. కాక కూడా వాళ్లతో పాటు నవ్వాడు, పాపం, ఎందుకు నవ్వుతున్నారో తెలియక. వాళ్ల నవ్వును నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

ప్రాజెక్టును పొడిగించారు, నన్ను తప్ప. నా కుర్చీలో సారు బామ్మర్ది కొడుకు కూర్చున్నాడు.

ఇప్పుడు ఆసిఫాబాద్‌లో ఆడపిల్లల గురుకులంలో ఫిజిక్సు చెబుతున్నాను. మొన్న నిరోధం పాఠంలో, కొన్ని పదార్థాలు బాగా చల్లబడితే నిరోధం సున్నా అవుతుందని చెప్పి ముందుకు పోబోతుంటే, వెనక బెంచీ పిల్ల లేచి, "నిజంగనే సున్న అయితదా మేడం? మీరు సూసిండ్రా?" అంది. "చూశాను" అన్నాను. "ఇంకెవరన్న సూసిండ్రా?" అంది. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే, "నా మాట మీద నమ్మకం లేదా?" అని మామూలు కన్నా పెద్ద గొంతుతో అడిగాను. ఇన్నేళ్లయినా ఆ సున్నా కోసం ఎవరితోనైనా తగువుకు దిగే ఆ పిచ్చిపిల్ల నాలో ఇంకా ఉందని అప్పుడే తెలిసింది. ఉండనీ.