పిట్ట ముట్టలేదు

ఆ రోజు అక్క మా ఇంటి గడప దాటలేదు. చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో ఎండలో నిలబడి మాట్లాడింది. ఐదో నెల కడుపుతో ఉన్న మనిషి. అవ్వ (మేము అమ్మను అట్లాగే పిలుస్తాం) చెంబుతో నీళ్లు తెస్తే వద్దంది. బొట్టు పెట్టబోతే మొహం పక్కకు తిప్పుకుంది. నా ఉద్యోగం ఎట్లా ఉందని అడిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. వెళ్తూ "పోయొస్త" అనలేదు.

మాది ముడిమ్యాల. మా దగ్గర ఇట్లా చేసేది మైలలో ఉన్నవాళ్లే. అవ్వ సంగతి చెప్పనక్కర్లేదు, ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుంది. అక్క అత్తగారు పోయిందని, కడుపుతో ఉండి ఆ మాట నోటితో చెప్పలేక ఇట్లా తెలియజేసిందని తేల్చేసింది. మైల ఉన్నవాళ్లు ఊళ్లు తిరగరు కదా అని నేనంటే, కంప్యూటర్ ముందు కూర్చునేదానివి నీకేం తెలుసంది. బాపును వెంటబెట్టుకుని చేవెళ్ల బస్సెక్కింది. వియ్యపురాలి వాడ మలుపు తిరగగానే కొంగు నోటికడ్డం పెట్టుకుని రాగం తీసిందట. వియ్యపురాలు వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

ఈ సంగతి చెప్పి ఇప్పటికీ నలుగురినీ నవ్విస్తాను. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆమె చింతపండు పక్కన పెట్టి, "మనమందరం సచ్చినమంట వదినె. నా కొడుకు నన్ను గూడ సంపిండు" అంది.

బావ మెత్తటి మనిషి. మెత్తగానే ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. అమీర్‌పేటలో కోర్సు చేసి, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు మర్చిపోతాయని అందరూ హడలిపోతున్న రోజుల్లో వాటిని సరిచేసే పనిలో చేరాడు. బ్యాంకులు మూతపడతాయి, విమానాలు రాలిపోతాయి అని తిండి దగ్గర కూడా అదే మాట. ఆ భయం పట్టుకుని తిరుగుతుంటే మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకుని ప్రళయం గురించి చెప్పే పెద్దాయన దొరికాడు. కొత్త సంవత్సరం వచ్చింది. మా ఊళ్లో బల్బు కూడా ఆరిపోలేదు. సరిచేయడానికి ఏమీ మిగలక బావ ఉద్యోగం పోయింది.

వేరే మనిషైతే ఆ పెద్దాయన మొహం మీదే నవ్వేవాడు. కానీ పెద్దాయన ఇంకో మాట చెప్పాడట. ప్రళయం వచ్చి పోయింది. చచ్చినవాళ్లకు చచ్చినట్టు తెలియదు, అలవాటు కొద్దీ బస్సులెక్కుతున్నారు, పెళ్లిళ్లు చేస్తున్నారు. ఆ ఫామ్‌హౌస్ గోడ లోపల ఉన్నవాళ్లే మిగిలినోళ్లు. బావ అక్కను తీసుకుని అక్కడికే కాపురం మార్చాడు. అంటే మైల అక్కకు కాదు. ఆమె దృష్టిలో మా ఇల్లే చావింటిది. చావింట్లో ఎవరూ నీళ్లు తాగరు, పోయొస్తామని చెప్పరు. అన్నీ పద్ధతి ప్రకారమే చేసింది నా అక్క.

అక్కను ఆఖరిసారి చూసిన చేవెళ్ల డాక్టరమ్మ రక్తం తక్కువుందని, బీపీ పెరుగుతోందని, కాన్పు దవాఖానలోనే కావాలని గట్టిగా చెప్పింది. గోడ లోపల చచ్చినోళ్ల మందులు ముట్టరు. అంతకు ముందే అక్కడ ఒకామె కాన్పు జరిగి, బిడ్డ దక్కలేదని వియ్యపురాలు విన్నది. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలనే ఆచారం ఉన్నా, తల్లే చచ్చిందంటే ఇంకేం ఆచారం?

నేను రోజూ సిటీకి పోయి, అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పింది విని టైప్ చేసేదాన్ని. ఎక్కడివాళ్ల బీపీయో పొద్దంతా కొట్టి, సొంత అక్క బీపీ ఎంతో తెలియక ఇల్లు చేరేదాన్ని. బస్సు ఆ ఫామ్‌హౌస్ ముందు నుంచే పోతుంది. రేకులు బిగించిన గోడ మీదుగా దండెం కొస కనబడేది. దాని మీద అక్క చీర కనబడిన రోజు అన్నం సహించేది. కనబడని రోజు మర్నాడు తొలి బస్సుకే బయలుదేరేదాన్ని.

బాపు వెళ్లి గేటు మీద బాది బాది వచ్చాడు. పోలీసులేమో వాళ్లిద్దరూ మేజర్లు, ఇష్టపడే ఉన్నారన్నారు. నేను వెళ్లి, చచ్చినోళ్లు బస్ పాస్ తీసుకుంటారా, కరెంటు బిల్లు కడతారా అని వాదించాను. అక్క గేటు సందులోంచి నన్ను జాలిగా చూసింది. పాదాలు కుండల్లా వాచి ఉన్నాయి. ఆ జాలికి నాకు ఒళ్లు మండిపోయింది. దానితో పాటే భయమూ వేసింది.

నెలలు నిండుతుండగా ఒక మధ్యాహ్నం అవ్వ వండిన అన్నం, పప్పు, ఒక గారె విస్తరాకులో మూటగట్టి నన్ను రమ్మంది. గేటు ముందు మట్టి మీద విస్తరి పరిచి అన్నం పెట్టి, పక్కనే కూర్చుంది. చావు జరిగిన ఇళ్లల్లో మూడో రోజు పిట్టకు పెట్టడం మా దగ్గర అందరికీ తెలిసిందే. కాకి వచ్చి ముడితే పోయిన ప్రాణానికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. ఆ కోరిక తీరుస్తామని అయినవాళ్లు పైకి మాటివ్వాలి. అవ్వ తనకు తానే పిట్టకు పెట్టుకుంటోందని అప్పుడు అర్థమైంది. కాకులు గోడ మీద ఉన్నాయి. అవ్వ పక్కనే ఉంటే ఎట్లా దిగుతాయి?

అక్క గేటు దగ్గరికి వచ్చింది. వెనుక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు.

"బిడ్డా, నేను సచ్చిన. ఒప్పుకుంటున్న" అంది అవ్వ. "గని పిట్ట ముడ్తలేదు. నీ కాన్పు దవాఖానల కావాలె. గది తీరకుంటె నేనీ గేటు కాడ్నే తిరుగుత."

లోపల ఆడవాళ్లు వెనక్కి జరిగారు. పెద్దాయన బోధ నిన్నగాక మొన్నటిది. పిట్ట భయం వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చింది. అక్క విస్తరి వైపు చూసి, కడుపు మీద చెయ్యి వేసుకుని, "మాటిస్తున్నవ్వ, దవాఖానకు పోత" అంది. అవ్వ లేచి ఇవతలికి వచ్చింది. అక్కను తీసుకుపోవడానికి మేము ఆటో పిలిచేలోపే కాకులు దిగాయి.

ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ మమ్మల్నే తిట్టింది. ఎంత హాయిగా తిట్లు తిన్నానో! దవాఖానలో ఉన్నన్ని రోజులూ అక్క అవ్వ చేత తల దువ్వించుకుంది, ఎల్లిపాయ కారం కలిపిన ముద్ద అవ్వ చేతినుంచే తిన్నది. ఇక మా మనిషి మాకు దక్కిందని ఇంట్లో దూలానికి తొట్టెల కూడా కట్టించాను.

కుట్లు విప్పిన రోజు బావ ఆటో తెచ్చాడు. అక్క పిల్లను ఎత్తుకుని ఎక్కబోతుంటే అవ్వ అడ్డం నిలబడింది. అక్క కోపంగా లేదు. ఎంతో మర్యాదగా, "నీ కోరిక తీరింది గదవ్వ. ఇగ తిరగకు, నువ్వు పో" అంది.

అవ్వ పక్కకు జరిగింది. ఆటో మొయినాబాద్ దారి పట్టింది. నేను ఆగలేక అవ్వ భుజం పట్టి ఊపేశాను. బతికే ఉన్నానని, అదంతా అబద్ధమని ఒక్క మాట అనరాదా అని రోడ్డు మీదే అరిచాను.

"అంటె?" అంది అవ్వ. "రేపు ఆ పసిదానికి జరమొస్తె, బతికున్నదానికి గేటెవలు తీస్తరు?"