డబ్బా మీద రాయని ధర

మా బావమరిదికి ఒక్కటే జబ్బు. ఎవరు ఏ ధర చెప్పినా నమ్మడు. "అది సరే, అసలెంత?" అని మీద పడతాడు. పనివాళ్లు వాడికి 'అసలెంత' అనే పేరు పెట్టేశారు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లి, నోట్లో పటకారు ఉండగానే "అహలెంత?" అని డాక్టరు మీద కేకలేశాడు.

నేను పల్లెటూరి బడిలో ఐదు దాకా చదివిన మేస్త్రీని. నలభై రెండు నీళ్ల ట్యాంకులు కట్టాను, ఒక్కటీ కారలేదు. రెండు వంతెనలు కట్టాను, లారీలు ఇప్పటికీ పోతున్నాయి. అలాంటి నన్ను, నా దగ్గరే పనిచేసే వీడు నలుగురిలో గదమాయిస్తే ఒళ్లు మండదా?

ఒక లాండ్రీలో నేల పగిలి, నీళ్లు కింది గదిలోకి కారుతున్నాయి. యజమాని తాళం వేసి, బట్టలుతికే పదకొండుమంది ఆడవాళ్లను ఇంటికి పంపేశాడు. కొత్త కాంక్రీటు పొర వేయాలి. నీళ్లు దిగకుండా అందులో కలిపే పాలిమర్ అమ్మడానికి ఒకాయన వచ్చాడు.

"మేస్త్రీగారూ, బజార్లో దొరికే ఆ ఖరీదైన రకంలో మా డబ్బా సగం ధరేనండీ."

సరే అనబోయాను. వెనక మా బావమరిది గొంతు పిడుగులా పడింది.

"సిమెంటు బస్తాకి ఎన్ని లీటర్లు పొయ్యాలి?"

"మూడండీ."

"ఆ ఖరీదైనది ఒక్క లీటరు చాలు! సగం ధర ఎక్కడేడ్చింది? మీది నురగ కడుతుందిగా, దాన్ని చంపే మందు మీ మామ కొంటాడా?"

"అది విడిగా..."

"నేల ఎన్నాళ్లకి వాడొచ్చు?"

"పది రోజులండీ."

"ఆ ఖరీదైనదైతే నాలుగో రోజుకి సిద్ధం! ఇప్పుడు చెప్పు, అసలెంత?"

ఆయన డబ్బా చంకన పెట్టుకుని పరుగో పరుగు.

"ఒరేయ్, మేస్త్రీని నేనా, నువ్వా?"

"నువ్వే బావా. కానీ అది కొనకు."

పళ్లు నూరుకుంటూ ఖరీదైనదే వేశాను. ఒకరోజు తడి గోనెలు కప్పాం. మర్నాడు పొద్దున్నే వాడు గోనెలు ఎత్తేస్తుంటే నా నెత్తురు మరిగింది. నా ట్యాంకులన్నీ వారం రోజులు తడిపి నిలబెట్టినవి! బకెట్టు నిండా నీళ్లతో వెళ్లాను. వాడు గుమ్మానికి అడ్డం పడుకున్నాడు.

"పొయ్యి! ముందు నా మీద పొయ్యి!"

పోశాను.

వాడు ముఖం తుడుచుకున్నాడు. "ఇది నీ ట్యాంకు కాదు బావా. పాలిమర్ కలిపాక ఒకరోజు తడి చాలు, తర్వాత ఎండాలి. నువ్వు తడిపితే తాళం తియ్యరు. తాళం ఉన్నన్నాళ్లు ఆ పదకొండుమందికి కూలి లేదు. ఆ ఖర్చు ఏ డబ్బా మీద రాశారో చూపించు!"

బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాను. అందులో ఎలాగూ నీళ్లు లేవు.

నాలుగో రోజు తాళం తీశారు. ఆడవాళ్లు లోపలికొచ్చి, "చల్లగా ఉండు తండ్రీ, తొందరగా ముగించావు" అని నన్ను దీవించారు. మేస్త్రీని నేనే కదా, పుచ్చుకున్నాను. నిజం చెబుదామని తిరిగేసరికి, వాడు యజమానిని గోడకు ఆనించేశాడు.

"నేల ఎవరిదయ్యా?"

"నాదే."

"నీ నేల కోసం మూస్తే, ఆ రోజుల కూలి వీళ్లెందుకు పోగొట్టుకోవాలి?"

యజమాని దీనంగా నా వైపు చూశాడు.

"ఇచ్చేయండి బాబూ," అన్నాను. "ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, వీడికి గొంతు నొప్పెట్టదు."