గంపకు వేసిన చెయ్యి

తాడ్వాయి మీదుగా కామారెడ్డి పోయే బాటలో గంప మోసిన ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. నిండు గంపను ఒక్కరే దించుకోవచ్చు గానీ ఒక్కరే ఎత్తుకోలేరు. నీళ్లు తాగడానికో, నడుము వాల్చడానికో దించినవాళ్లు మళ్లీ ఎవరో ఒకరు వచ్చేదాకా గంప పక్కనే నిలబడాలి. వచ్చిన మనిషి ఎవరైనా సరే, "జర చెయ్యెయ్యి" అంటే ఆగి, ఒక చెయ్యి వేసి నెత్తికెత్తాలి. ఎత్తించుకున్న మనిషి "నీ కడుపు సల్లగుండ" అనాలి. అంతే, ఎవరి తోవ వారిది.

మా ఊరు తాడ్వాయి దాటాక ఎల్లారెడ్డి వైపు. సీతాఫలాల కాలంలో తెల్లవారగానే మా ఆయన గంప ఎత్తేవాడు, నేను కామారెడ్డి టేసన్ దారి పట్టేదాన్ని. రైలు ఆగిన కాసేపట్లోనే కిటికీల దగ్గర పండ్లు అమ్ముకోవాలి. ముందు చేరినవాళ్ల గంప ఖాళీ. వెనకబడ్డవాళ్లు మెత్తబడ్డ పండ్లతో బజారులో కూర్చోవాలి.

ఆ ఏడు నాకు ఏడో నెల, తొలిచూలు. దారిలో మోటబావి దగ్గర దాహమై గంప దించాను. పక్క ఊరి ఆమె, నాలాగే పండ్లమ్మేదే, వెనక నుంచి వచ్చింది. "అక్కా, జర చెయ్యెయ్యి" అన్నాను. నా కడుపు వైపు చూసింది, గంప వైపు చూసింది. "నాకు తొందరున్నది" అని చక్కా పోయింది. తన నెత్తిమీదా గంప ఉంది, నిజమే. కానీ ఒక చేత్తో తన గంప పట్టుకుని రెండో చేత్తో ఎత్తడం మాకందరికీ అలవాటే. ఆమెకు కావలసింది రైలు దగ్గర నేను లేకపోవడం.

చాలాసేపు ఎవరూ రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గంపను తొడమీదికి లాక్కుని, పళ్లు బిగబట్టి నేనే ఎత్తుకున్నాను. టేసన్ చేరేసరికి నొప్పులు. రెండో రోజుకు బిడ్డ దక్కలేదు. మళ్లీ నాకు నెల తప్పలేదు.

నేను ఆమెను తిట్టలేదు, వాళ్ల ఇంటి మీదికి పోలేదు. ఆ బాట పొడుగునా తిరిగాను. గంప మోసే ప్రతి ఆడదానికీ జరిగింది చెప్పి, "దాని గంపకు చెయ్యెయ్యకుండ్రి" అని మాట తీసుకున్నాను. ఎవరూ కాదనలేదు. ఆనాటి నుంచి ఆమె తనకు తాను ఎత్తుకోగలిగినంతే, సగం గంపే తెచ్చుకునేది. టేసన్‌లో ఆ సగం గంపను చూసినప్పుడల్లా నా కడుపు మంట కొంచెం తగ్గేది. అబద్ధమెందుకు, నాకు సంబరంగానే ఉండేది.

ఏడేండ్లు గడిచాయి. యుద్ధం రోజులు, రైళ్ల నిండా సిపాయిలు. ఒకనాడు అదే మోటబావి దగ్గర ఒక పిల్ల నిండు గంప పక్కన నిలబడి ఉంది. ఆరేడు నెలల కడుపు. నా ముందు పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆమెను చూసి కూడా ఆగలేదు. ఒకామె వెనక్కి తిరిగి, "దాని కోడలే. నీ పగ తీరుతున్నది పో" అని నన్ను చూసి నవ్వింది.

"అక్కా, పొద్దుగాల నుంచి అడుగుతున్న. ఎవ్వరు చెయ్యేస్తలేరు" అంది ఆ పిల్ల. "తొవ్వల దించకు అన్నది మా అత్త. ఎందుకో సెప్పలే. నడుము గుంజింది, దించిన."

నేనూ ఆగలేదు. పోనీ, ఆ అత్తకూ తెలియాలి, ఆమె ఇంట్లోనూ ఒక ఊయల ఖాళీగా ఊగాలి అనుకుంటూ పది అడుగులు వేశాను. తిరిగి చూస్తే ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని గంపను తొడమీదికి లాక్కుంటోంది. అచ్చం నాలాగే. ఇంకో లాగుడు లాగితే ఏమవుతుందో ఆ బాటలో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. నా గంప అక్కడే పడేసి ఉరికాను. పండ్లు దారంతా దొర్లాయి.

గంపను ఆమె ఒడిలోంచి లాగేసి, సగం పండ్లు బావి గట్టున దించి, మిగిలింది ఆమె నెత్తికెత్తాను. "నీ కడుపు సల్లగుండ అక్కా" అంది. ఆ మాటకు నా మీద నాకే అసహ్యం వేసింది. అత్త మీద కోపం మాత్రం రవ్వంత తగ్గలేదు.

"మీ అత్తకు సెప్పు, ఎవరు చెయ్యేసిన్రో సెప్పు" అన్నాను. "రేపు ఆమెనే రమ్మను. గంప నిండ తెమ్మను."

వచ్చింది. జుట్టు తెల్లబడింది. నిండు గంప మోటబావి దగ్గర దించి, తల వంచుకుని నిలబడింది. బాటలో ఆడవాళ్లంతా ఆగి చూస్తున్నారు.

"అడుగు" అన్నాను.

"జర చెయ్యెయ్యి."

"ఆనాడు నా కడుపు చూసినవా, చూడలేదా?"

"సూసిన. రైలు అందదనుకున్న."

వంగి గంపకు చెయ్యి వేసి ఆమె నెత్తికెత్తాను. అంచు మాత్రం వదల్లేదు. ఆమె కదలబోయింది, నేను పట్టుకునే ఉన్నాను. ఎత్తించుకున్న మనిషి అనాల్సిన మాట ఒకటుంది, అది ఆమెకూ తెలుసు.

"అను" అన్నాను.

"నీ కడుపు సల్లగుండ" అంది, నేల చూస్తూ.

"నా మొఖం చూసి అను."

కండ్లెత్తి, నా మొఖంలోకి చూసి, మళ్లీ అంది. అప్పుడు గంప వదిలాను.