సున్నపు గీత వంగిన చోట

ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసినన్నాళ్ళూ మా కాలేజీ గ్రౌండులో ఎడమవైపు సైడు లైనును ఒక్కసారి కూడా తిన్నగా గీయలేకపోయాను. రెండు చివరలా మేకులు కొట్టి, పురితాడు బిగించి కట్టి, దాని వెంబడే సున్నం పోసుకుంటూ నడిచేవాణ్ణి. పని ముగించి వెనక్కి తిరిగి చూస్తే, సగం దాటాక గీత కొంచెం లోపలికి వంగి, మళ్ళీ దారిలో పడి ఉండేది. గాలి తాడును లాగిందని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. అనంతపురంలో గాలికి కొదవ లేదు కాబట్టి ఆ సాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది.

నేను సులువుగా దేన్నీ నమ్మే మనిషిని కాను. కోపమూ ఎక్కువే. టేపు, స్టాప్‌వాచీ, ఈల, ఈ మూడు తప్ప నాకు వేరే దేవుళ్ళు లేరని స్టాఫ్ రూములో ఎగతాళి చేసేవాళ్ళు. నిజమే. ఆటగాడి సంగతి అమ్మ మొక్కిన మొక్కుల్లో కాదు, కొలతలో తెలుస్తుందని అందరితో వాదించేవాణ్ణి.

తొంభైల చివర్లో మా ఫుట్‌బాల్ జట్టులో ఒక లెఫ్ట్ వింగర్ ఉండేవాడు. ఎడమ అంచు వెంబడి బంతిని తీసుకుపోయి లోపలికి అందించడం వాడి పని. బెళుగుప్ప దగ్గర పల్లె. ఇంట్లో వేరుశెనగ పంట, అదీ వాన పడిన ఏడు. వాడు ఎదురుకాళ్ళతో పుట్టాడు, అంటే తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్ళు కాలు పెట్టి తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మావైపు గట్టి నమ్మకం. పొద్దున ప్రాక్టీసు జరుగుతుంటే గోల్‌పోస్టు పక్కన ఎవరో ఒక ముసలమ్మ బోర్లా పడుకొని ఉండేది. వాడు ఆట ఆపి, బూటు విప్పి, ఎడమ మడమ ఆమె నడుము మీద ఆనించి వచ్చేవాడు.

"ఇది గ్రౌండా, ధర్మాసుపత్రా?" అని అరిచేవాణ్ణి.

"అరవొద్దప్పా, లేస్తాండా," అంటూ ఆ ముసలమ్మ నిజంగానే లేచి, వచ్చిన దారిన చకచకా నడిచిపోయేది. అది చూస్తే నాకు ఇంకా మండేది.

వాడికి ఇంకో పని కూడా ఉండేది. కరువు ముదిరి ఊరూరా బోర్లు వేయించే రోజులవి. సెలవు వస్తే చాలు, చుట్టుపక్కల రైతులు వాణ్ణి పొలాలకు తీసుకుపోయేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం చెప్పులు విప్పి, కళ్ళు మూసుకొని, వాడు చేనుకు అడ్డంగా నడుస్తాడు. ఎడమ కాలి పిక్క ఎక్కడ లాగితే అక్కడ నీళ్ళు. ఒకసారి చూద్దామని నేనూ వెళ్ళాను. ఎండకు చేనంతా తెల్లగా మెరుస్తోంది, ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. నడుస్తూ నడుస్తూ వాడు ఆగాడు. ఎడమ పాదం దానంతట అది నేలకు అతుక్కుపోయింది. పైకి లాగడానికి వాడు పడుతున్న కష్టం ముఖంలో కనిపిస్తోంది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు, నరాల బలహీనత అయి ఉంటుంది, డాక్టరుకు చూపించుకో అన్నాను. వాడు నవ్వాడు.

వాడి ఆట సంగతి చెప్పాలి. బంతి కాలికి తగిలితే గీత వెంబడి దూసుకుపోయేవాడు. సగం దాటాక ఉన్నట్టుండి లోపలికి ఒక వంపు తిరిగేవాడు. ఆ వంపుకు ఎదుటి జట్టు డిఫెండర్లు దిక్కు తెలియక కూలబడేవాళ్ళు. కణేకల్ నుంచి వచ్చిన ఒక జట్టయితే ఆ వంపు ఎక్కడ నేర్చుకున్నాడని నన్నే అడిగింది. నేనే నేర్పినట్టు మీసం దువ్వుకున్నాను. జూనియర్లందరూ ఆ వంపునే సాధన చేశారు. ఎడమ అంచున పరిగెత్తే ప్రతివాడూ అక్కడికి రాగానే లోపలికి తిరిగేవాడు. కొన్నాళ్ళకు గరుసు నేల మీద కాలిబాట ఒకటి పడింది, వంపుతో సహా. గ్రౌండుకు అడ్డంగా తోలుకుపోయే గొర్రెల మంద కూడా ఆ చోటు దగ్గర రెండుగా చీలి, దాటాక కలిసేది. అదంతా అప్పుడు నాకు చోద్యంగా తోచలేదు.

వాడిది డిగ్రీ ఆఖరి ఏడు. హైదరాబాదులోని ఒక డిపార్ట్‌మెంటు జట్టు కాలేజీ ఆటగాళ్ళను పరీక్షించి తీసుకుంటోందని కబురు వచ్చింది. ఎంపికైతే జట్టులో చోటు, దానితోపాటు సర్కారీ ఉద్యోగం. మా జిల్లాకు ఒక్కటే ఖాళీ. మరుసటి ఏడాదికి వాడి వయసు దాటిపోతుంది. సంగతి చెప్పగానే వాడు ఊరికి పోయి వచ్చాడు.

"మా నాయన ఒకటే మాట చెప్పినాడు సార్. ఊరందరికీ నీళ్ళు చూపించినావు, మన చేన్లో మాత్రం నీ కాలు ఒక్క తూరి లాగలేదు, ఎన్ని బోర్లు ఏసినా బండే తగిలింది. ఈ చేను నమ్ముకోవద్దు, ఉద్యోగం తెచ్చుకో అన్యాడు."

జిల్లా పిల్లలందరికీ మా గ్రౌండులోనే పరీక్షలు పెట్టడానికి వచ్చిన కోచ్ మంచివాడే. తక్కువ మాట్లాడే మనిషి. మ్యాచ్ ఆడించి చూడమని నేను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"మ్యాచ్‌లో ఎదుటివాడు చెత్తగా ఆడితే వీడు గొప్పగా కనిపిస్తాడు. పరుగు, గెంతు, ఇవి అబద్ధం చెప్పవు. అన్ని జిల్లాల్లోనూ అవే పరీక్షలు, అదే పద్ధతి."

అది నా మాటే.

ఎత్తు, బరువు అయ్యాయి. వేళ్ళకు సుద్దపొడి రాసుకొని గోడ పక్కన ఎగిరి ముద్ర వేసే పరీక్షలో మావాడిదే అందరికన్నా పైన పడింది. నిలబడిన చోటు నుంచి ముందుకు దూకడంలోనూ వాడే. ఇక మిగిలింది ముప్పై మీటర్ల పరుగు. కోచ్ గ్రౌండంతా తిరిగి చూసి, గులకరాళ్ళు తక్కువగా ఉన్నాయని ఎడమ అంచున కోన్లు పెట్టించాడు. రెండు వరసల కోన్ల మధ్య సందు తిన్నగా ఆ చోటు మీదుగానే పోయింది.

ఈల మోగింది. వాడు బాణంలా లేచాడు. సగం దాటాక అడుగు తడబడి, లోపలికి వంగి, కోన్లు తన్నేశాడు. లెక్కలోకి రాదన్నాడు కోచ్. ఇంకో అవకాశం ఇచ్చాడు. ఈసారి వాడు వంగలేదు గానీ అక్కడికి రాగానే పరుగు చచ్చిపోయి, నడకలాగా అయింది. స్టాప్‌వాచీ చూసి కోచ్ పెదవి విరిచాడు.

"కండరం పట్టేసిందా?"

"లేదు సార్."

"అందరూ అయ్యాక ఆఖరున ఒక్క ఛాన్స్ ఇస్తాను. అంతే."

నేను వాణ్ణి పక్కకు లాగాను.

"ఏమప్పా, ఏమైంది నీకు? ఆడ నీళ్ళుండాయా ఏంది?"

వాడు నా వైపు చూడకుండా జవాబు చెప్పాడు. "నీళ్ళు కాదు సార్. నీళ్ళకైతే కాలు లాగుతాది. ఆడ తోస్తాది. కింద నుంచి ఎవరో అరికాలుకు చెయ్యి పెట్టి తోసినట్ల ఉంటాది."

"మరి మ్యాచ్‌లో?"

"మ్యాచ్‌లోనూ అంతే సార్. అది వంపు అని మీరంతా అనుకుంటాండారు. నేను తప్పించుకుంటాండా."

బయటి ఊళ్ళలో ఆడినప్పుడు కూడా వాడు ఒక్కో గ్రౌండులో ఒక్కో చోట వంగడం గుర్తొచ్చింది. ఎన్నడూ వంకర పోని నా తాడూ, ఎప్పుడూ వంకర పోయే నా గీతా గుర్తొచ్చాయి. కోచ్ దగ్గరికి పోయి కోన్లు కుడివైపుకు మార్చమని అడిగాను. అందరూ పరిగెత్తిన చోటే ఇతనూ పరిగెత్తాలి, లేకపోతే మిగతావాళ్ళకు అన్యాయం కాదా అన్నాడు. గట్టిగా వాదించాను. గొంతు కూడా పెంచాను. అంతలో వాడే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్. ఆ ఉద్యోగంలో యాడాడో ఆడాల. అన్ని చోట్లా కోన్లు మార్చమని అడుగుదామా? నేను తిన్నగా పోతా."

ఆఖరి పరుగుకు వాడు బూట్లు బిగించుకుంటుంటే గ్రౌండులో గాలి నిలిచిపోయింది. మూలన తిరుగుతున్న సుడిగాలి దుమ్ము ఒక్కసారిగా కిందికి రాలింది. ఈల మోగింది. వాడు వచ్చాడు. ఆ చోట ఎడమ కాలు పూర్తిగా, బలంగా మోపాడు. ఖాళీ కాగును తన్నినట్టు నేల లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నేను విన్నాను. కోచ్ కూడా విన్నాడు, ఎందుకంటే వాచీ మీద నుంచి చూపు తిప్పి ఒక్క క్షణం నేలను చూశాడు. తర్వాత వాచీ చూసి, మళ్ళీ చూసి, నాకు చూపించాడు. ఆ రోజు పరిగెత్తినవాళ్ళలో వాడి దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు.

వాడు ఆగకుండా ప్రహరీ గోడ దాకా పోయి, అక్కడ కూలబడి బూటు విప్పాడు. నేను దగ్గరికి పోయేసరికి పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకొని పిసుక్కుంటున్నాడు.

"ఉద్యోగం వచ్చింది పోరా," అన్నాను.

"ఈ తూరి తోయలేదు సార్," అన్నాడు. "దారి ఇచ్చినట్ల ఉన్నింది."

వాడు హైదరాబాదు బయలుదేరే ముందు ఒక ముసలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. మామూలుగానే నడుము మీద మడమ ఆనించాడు. ఆమె లేవలేక, ఇద్దరు పట్టుకొని లేపితే మూలుగుతూ పోయింది. వాడు తన పాదాన్ని చాలాసేపు చూసుకున్నాడు. ఆ తర్వాత ఏ చేనులోనూ వాడి కాలు లాగలేదని వాళ్ళ ఊరివాళ్ళ ద్వారా విన్నాను. నేను సంతోషించాల్సింది. పీడ వదిలిందని అనుకోవాల్సింది. అట్లా అనుకోలేకపోయాను.

రెండు మూడేళ్ళ తర్వాత పని మీద హైదరాబాదు పోయినప్పుడు వాడి మ్యాచ్ చూశాను. ముందుకన్నా వేగం పెరిగింది, ఒంట్లో కండ పెరిగింది. బంతి తీసుకొని అంచు వెంబడి తిన్నగా పరిగెత్తాడు. ఎదుటివాడు తొందర లేకుండా నిలబడి, వాడు తన దగ్గరికి రాగానే బంతి తీసేసుకున్నాడు. మళ్ళీ అంతే, మళ్ళీ అంతే. సగం ఆట కాగానే వాణ్ణి బయట కూర్చోబెట్టారు. స్టాండులో కూర్చున్న నాకు దుఃఖం వచ్చింది. ఆట ముగిశాక కలిస్తే, ఉద్యోగం బాగుంది సార్, నాయనకు నెలనెలా పంపుతున్నాను అని సంతోషంగా చెప్పాడు.

మా గ్రౌండులో మాత్రం ఆ వంపు పోలేదు. వాణ్ణి కళ్ళతో చూడని పిల్లలు కూడా అక్కడికి రాగానే లోపలికి తిరిగేవాళ్ళు. ఎందుకురా అంటే, మా సీనియర్లు అట్లనే ఆడేవాళ్ళు సార్ అనేవాళ్ళు.

తర్వాత ఒక ఏడు వానలు కుమ్మేశాయి. ముసురు తగ్గిన సాయంత్రం జట్టును దించాను. ఒక పిల్లవాడు బంతితో అంచున వచ్చి, అలవాటుగా వంగి, ముందుకు పోయాడు. వాడి వెనక నేల పెద్ద చప్పుడేమీ చేయకుండా కిందికి దిగిపోయింది. గుండ్రంగా, రాతి కట్టుతో, ఒక బావి నోరు తెరుచుకుంది. అక్కడ ఎవరూ లేరు, ఎందుకంటే ఆటలో అక్కడ ఎవరూ కాలు పెట్టరు. కాలేజీ కట్టక ముందు అదంతా తోట అని తర్వాత తెలిసింది. బావిని పైన కప్పి ఎందుకు మూసేశారని పాతవాళ్ళను అడిగితే మాట మార్చారు.

చుట్టూ తుమ్మకంప వేయించి, హైదరాబాదులో ఉన్న వాడికి ఫోన్ చేశాను. సెలవు పెట్టి వచ్చాడు. దూరం నుంచే బావిని చూశాడు. తర్వాత చెప్పులు విప్పాడు.

"కంప ఒక పక్క తియ్యండి సార్. కండ్లు మూసుకొని నడుస్తా. కాలికి ఇంకా ఏమన్నా మిగిలిందేమో చూస్తా."

"పిచ్చా నీకు?"

"మీరు చొక్కా పట్టుకోండి. నాకు తెలియాల సార్."

తీశాను. వాడి చొక్కా వెనక గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. వాడు కళ్ళు మూసుకొని ఎడమ అంచు వెంబడి నడిచాడు. చాలా ముందే ఆపేయాలనుకున్నాను. కానీ ఇప్పుడు వంగుతాడు, ఇప్పుడు వంగుతాడు అని నాకు ఆశ. వాడి అడుగు ఎక్కడా తడబడలేదు. పొలానికి పోయే మనిషిలా నిమ్మళంగా పోతున్నాడు. ఆఖరి క్షణంలో వెనక్కి లాగాను. ఎడమ కాలి వేళ్ళు అంచు మీద ఉన్నాయి.

"ఇంకా ఎంత దూరం ఉండాది సార్?" అని అడిగాడు, కళ్ళు తెరవకుండానే.

నేను చొక్కా ఇంకా వదల్లేదు. వాడి వేళ్ళ కింద నుంచి మట్టిగడ్డ ఒకటి విరిగి పడింది. కొంతసేపటికి లోపలి నుంచి చప్పుడు వచ్చింది. వాడు కళ్ళు తెరిచి, కిందికి కాకుండా నా ముఖంలోకి చూశాడు.

"నీళ్ళుండాయా సార్?" అన్నాడు.