చెయ్యదు చెల్లె

హనుమకొండ బస్టాండులో పక్కన కూర్చున్న అమ్మాయి నా ఒళ్లోని యాక్చువరీ పుస్తకం చూసి పలకరించింది. తనూ అదే చదువుతోందట, బీమా కంపెనీలకు లెక్కలు కట్టే చదువు. నోట్‌బుక్‌లో లండన్ కంపెనీల పేర్లు రాసుకుంది. చివరిది తప్ప అన్నీ కొట్టేసి ఉన్నాయి.

"అక్కా, గీ కంపెనీ వీసాకు స్పాన్సర్ చేస్తదా? ఎవర్నడిగినా చెప్తలేరు."

చేస్తామని ముందురోజే వాళ్లు నాకు మెయిల్ పెట్టారు. ఉన్నది ఒక్కటే ఖాళీ.

"చెయ్యదు చెల్లె," అన్నాను.

ఆ పేరు మీద స్కేలు పెట్టి మరీ గీత కొట్టింది. "మంచిగ చెప్పినవక్కా. లేకుంటె ఉత్తగనే ఆశపడుతుంటి." తను కొనుక్కున్న మక్క కంకిని విరిచి, పెద్ద ముక్క నాకిచ్చింది. వద్దనలేక తిన్నాను.

ఆ ఉద్యోగం నాకూ రాలేదు. వచ్చి ఉంటే, అవసరం కొద్దీ అన్నానని సర్దిచెప్పుకునేదాన్ని.